మడత పడే జావ

పక్షవాతం వచ్చాక నాయనకు నీళ్లు తాగడమే గండమైంది. గొంతు సగం పని చేయడం లేదని, పలచగా ఏది తాగినా ఊపిరితిత్తుల్లోకి పోతుందని మార్కాపురంలో డాక్టరు చెప్పాడు. ఏదైనా చిక్కగానే ఇవ్వాలట. ఎంత చిక్కగా అంటే మాత్రం సరిగా చెప్పలేదు.

అది అమ్మే తేల్చుకుంది. రాగి జావను గరిటెతో ఎత్తి పళ్లెంలోకి సన్నటి ధారగా వదిలేది. ధార పళ్లేన్ని తాకిన చోట మడత పడి, తాడు చుట్టినట్టు ఒకదాని మీద ఒకటి పేరుకుంటేనే నాయనకు పెట్టేది. తిన్నగా దిగి పరుచుకుపోతే మళ్లీ పొయ్యి మీదికే.

నేను జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. ఆ ధారలో ఏం జరుగుతుందో నాకు తెలుసు. పైనుంచి దిగే బరువు దాన్ని వంచాలని చూస్తుంది. తలతన్యత దాన్ని వంగనివ్వకుండా బిగబట్టి లాగుతుంది. ధార సన్నబడేకొద్దీ ఆ లాగుడుదే పైచేయి. చిక్కదనం చాలకపోతే ధారను చుక్కలుగా తెంపేస్తుంది కూడా. ఇంత తెలిసీ నాయన దాహానికి నా దగ్గర ఏమీ లేదు. నా చదువు మీద నాకే అసహ్యం వేసింది.

గొర్రెల వెంట తిరిగి, నీళ్లు కనిపించిన చోటల్లా దోసిలి పట్టిన మనిషి ఆయన. ఎండలు ముదిరాక రోజంతా ఒకటే మాట.

"గుక్కెడు నీళ్లియ్యండి."

చూసి పోదామని రాచర్ల నుంచి మేనత్త వచ్చింది. మా వైపు ఎండాకాలంలో మజ్జిగ కలపకుండా జావ ఎవరికీ ఇవ్వరు. గిన్నెలో ఆ ముద్దను చూసి ఆమె ఊరుకోలేకపోయింది. అమ్మ దొడ్లోకి పోగానే జావలో మజ్జిగ పోసి, పలచగా కలిపి అన్నకు తాగించింది. నాయన ఆత్రంగా తాగాడట. వెంటనే పొలమారింది, దగ్గు ఆగలేదు. మరునాటికి జ్వరం, ఛాతీలో నిమ్ము.

"గొంతెండిపోయి ఉండాడు వదినా, చలవ చేస్తాదని పోసినా" అని అత్త ఏడ్చింది. ఆమెను ఏమని తిట్టను?

ఆసుపత్రి నుంచి పంపించేస్తూ డాక్టరు నన్ను పక్కకు పిలిచాడు. "ఇంక ఆయన ఏదడిగితే అది ఇయ్యండి సార్" అన్నాడు. ఆ మాటకు అర్థం మా ఊళ్లో ఎవరికీ విడమరిచి చెప్పనక్కర్లేదు. ఆటోలో ఇంటికి వస్తున్నంతసేపూ ఏడవడానికి కూడా నాలో ఓపిక లేదు.

మంచం మీద పడుకోబెట్టగానే నాయన నీళ్లడిగాడు. అమ్మ నా వైపు చూసింది. ఇవ్వమని తలూపాను. గ్లాసు తెచ్చి, ఆయన తల ఎత్తి పట్టుకుని తాగించింది. నాయన కళ్లు మూసుకుని ఒక గుక్క మింగాడు. దగ్గాడు. ఇంకో గుక్క నోట్లో పెట్టుకోబోయి ఆగి, వంకర పోయిన నోటితో మెల్లగా అడిగాడు.

"నీళ్లిస్తా ఉండారంటే, డాక్టరు చేతులెత్తేసినాడా?"

నాయన బాగున్న చేత్తో గ్లాసును పక్కకు నెట్టాడు.

"నాకొద్దు. జావే కాయండి" అన్నాడు.