ఊదినవాడు ఒక్కడే

మాస్టారు బతికున్నంతకాలం "ఇది కాదు, తప్పు, దిద్దండి" అని మొత్తుకున్న మాటనే, ఆయన పోయాక ఆయన ఫొటోకి దండలా వేశారు. ఇది అన్యాయం. ముందు ఆ అన్యాయం సంగతి చెప్పి, తర్వాత ఆయన గురించి చెబుతాను.

బిలాస్‌పూర్ రైల్వే బడిలో మా పిల్లలకి తెలుగూ పాటా నేర్పిన మాస్టారు ఈ వానల్లో పోయారు. దగ్గుతో మంచం పట్టారు, దగ్గుతూనే పోయారు. మొన్న ఆదివారం బడిలోనే సంతాప సభ పెట్టారు. ఆయనతో కలిసి ఇక్కడ పరిశోధన చేసిన కాలేజీ ప్రొఫెసరుగారు రాలేదు, సందేశం పంపారు. హెడ్మాస్టరుగారు దాన్ని నిలబడి చదివారు. ఇంజన్ల పొగ మనిషి ఊపిరికి హాని చెయ్యదని తామిద్దరూ కలిసి తేల్చిన సత్యమే మాస్టారికి శాశ్వత స్మారకమట. ముందు వరసలో కూర్చున్న పెద్దలు తలలూపారు. వెనక నిలబడ్డ ఇంజన్ల షెడ్డు మనుషులం ఒకరి మొహాలొకరం చూసుకున్నాం.

నేను షెడ్డులో ఇంజన్లు తుడిచే క్లీనర్ని. బడికి పోలేదు. వ్యాగన్ల మీద రాతలూ స్టేషను బోర్డులూ చూసి అక్షరాలు కూడబలుక్కున్నవాణ్ణి. మాస్టారు చదివేసిన పత్రికలు నాకిచ్చేవారు. తెలియని మాట అడిగితే అర్థం చెప్పేవారు కాదు. ఆ మాట ఇంకో నాలుగు చోట్ల ఎక్కడుందో చూపించి, నువ్వే చెప్పు అనేవారు. అప్పట్లో చిరాకేసేది. ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నానంటే ఆ చిరాకు వల్లే.

బడి షెడ్డు గోడకి ఆనుకుని ఉంటుంది. ఇంజన్లు రాజేసే వేళా బడి గంట వేళా ఒకటే. మాస్టారు క్లాసులోకి రాగానే కిటికీ గట్టు మీద వేలితో ఒక గీత గీసేవారు. వేలికంటిన మసి చూసుకుని, పంచెకి కాకుండా జేబురుమాలుకి తుడుచుకుని, అప్పుడు హార్మోనియం తీసేవారు. ఎక్కాలు పాటే, పద్యాలు పాటే, నదుల పేర్లూ పాటే. ఇంజను కూత వేస్తే పాఠం ఆపి, ఆ కూత ఏ మెట్టు మీద పలుకుతోందో వెతికి, పిల్లల్ని అదే శ్రుతిలో అందుకోమనేవారు. పిల్లలు విరగబడి నవ్వేవారు. నవ్వు తర్వాత దగ్గు వచ్చేది. ఆయన గమనించింది ఆ దగ్గునే. రోజూ పాడే పిల్లలకి ఊపిరి గట్టిపడుతుందా, దగ్గు తగ్గితే చదువు నిలుస్తుందా, ఈ పొగలో అది ఎంతవరకు సాధ్యం అని ఆయనకి పట్టుకుంది. కాలేజీకి రాశారు. ప్రొఫెసరుగారు వచ్చారు.

ప్రొఫెసరుగారు ఒక యంత్రం తెచ్చారు. గొట్టంలో ఊదితే నీళ్ళలో బోర్లించిన డబ్బా పైకి లేస్తుంది. ఎంత ఊపిరి ఉంటే అంత లేస్తుంది. పిల్లల చేత ఊదించారు. పొగ సంగతి తెలియాలంటే ఎక్కువ పొగ పీల్చినవాళ్ళనీ చూడాలి కాబట్టి షెడ్డు మనుషుల్నీ ఊదమన్నారు.

షెడ్డులో మనిషిని ఎవరు పిలుస్తారు పేరు పెట్టి? నంబరు చెక్కిన ఇత్తడి బిళ్ళే మా పేరు. డ్యూటీకొస్తే బిళ్ళ, జీతానికి బిళ్ళ. ఊదడానికి పోయినా బిళ్ళ చూపించి గొట్టం అందుకోవడమే. పైగా, రైల్వేలో డాక్టరు ముందు నిలబడటమంటే ఏమిటో మాకు తెలుసు. అన్‌ఫిట్ అని ఒక్క మాట పడితే పని పోతుంది, క్వార్టరు పోతుంది, సామాను సర్దుకుని శ్రీకాకుళం వైపు బండెక్కాలి. ఇది పరిశోధన, పరీక్ష కాదు అని మాకెవరూ విడమరచి చెప్పలేదు. అందుకని మావాళ్ళంతా బిళ్ళలు పోగేసి మా మేనమామ చేతిలో పెట్టారు. మా మావయ్య షెడ్డులో పనిచేస్తూనే లాల్‌ఖదాన్ దగ్గర అఖాడాలో కుస్తీ పట్టే మనిషి. టోపీ మార్చి ఒకసారి, తలపాగా చుట్టి ఒకసారి, మొహానికి మసి పూసుకుని ఒకసారి పోయి, షిఫ్టు షిఫ్టంతటి ఊపిరీ ఆయనొక్కడే ఊదేశాడు. బిళ్ళ చూసుకునే గుమాస్తా మొహం చూసింది లేదు. సాయంత్రానికి మావయ్య మూతి బూరెలా వాచిపోయింది. షెడ్డంతా ఆయన్ని భుజాల మీద మోసినంత పని చేసింది.

కొన్నాళ్ళకి వ్యాసం అచ్చయింది. షెడ్డు మనుషుల ఊపిరి పహిల్వాన్ల ఊపిరిలా ఉందని, పొగ వల్ల నష్టమేమీ కనబడలేదని తేల్చారు. కింద ప్రొఫెసరుగారి పేరు, మాస్టారి పేరు. మాస్టారికి నమ్మకం కుదరలేదు. రోజూ షెడ్డు గోడ అవతలి నుంచి దగ్గులు వింటున్న మనిషి ఆయన. కొడుకుని బడి నుంచి తీసుకెళ్ళడానికి వచ్చిన మావయ్యని, నేను పక్కనుండగానే, ఆపి అడిగారు. మావయ్య కొంచెంసేపు నసిగి, చెప్పేశాడు.

"ఏటి సెయ్యమంటారు మాస్టారూ. అన్‌ఫిట్ అని రాసీసినారంటే ఈ పిల్లగుంటల్ని ఎక్కడ ఎట్టుకోవాల? అందరిదీ నానే ఊదీసినాను."

మాస్టారు నవ్వుతారేమో అనుకున్నాను. నవ్వలేదు. బెంచీ మీద కూర్చుండిపోయారు.

"మీ తప్పు కాదయ్యా" అన్నారు. "ఎందుకు ఊదమంటున్నామో చెప్పకుండా గొట్టం నోట్లో పెట్టాం. అడిగే పద్ధతి మాకు తెలియలేదు."

ఆ వారమే ఆయన కాలేజీకి పోయారు. ప్రొఫెసరుగారు కుర్చీ వేసి, టీ ఇచ్చి, అంతా విన్నారట. అచ్చయిపోయింది కదా మాస్టారూ, ఇప్పుడు కదిపితే మీ పేరే కదా పాడయ్యేది అన్నారట. ఈ ముక్క మాస్టారే నాకు చెప్పారు, కోపం లేకుండా. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. ఇప్పటికీ మండుతోంది. ఎందుకంటే బడిని షెడ్డు పక్క నుంచి తీసి, లైనుకి అవతల ఖాళీగా పడి ఉన్న గూడ్సు గోదాములోకి మార్చమని తల్లిదండ్రులం పెట్టుకున్న అర్జీని రైల్వే ఆఫీసువాళ్ళు ఈ వ్యాసం చూపించే తిప్పికొట్టారు. పొగలో హాని లేదని మీ మాస్టారే రాశాడు కదా అన్నారు.

మాస్టారు మళ్ళీ మొదలుపెట్టారు. యంత్రం ప్రొఫెసరుగారితో వెళ్ళిపోయింది. హార్మోనియం ఉంది. ఒక మెట్టు నొక్కి పట్టుకుంటారు, మనిషి ఆ శ్రుతిలో ఒక్క ఊపిరితో ఎంతసేపు పలికితే అంతసేపు ఆయన తాళం వేస్తారు. అంతే పరీక్ష. డ్యూటీ దిగాక నేనూ ఆయనతో క్వార్టర్ల వెంట తిరిగాను. ప్రతి గుమ్మంలోనూ నిలబడి, ఇది ఎందుకో మొదటి నుంచి చెప్పేవారు. ఎవరి పేరూ రాసుకోనన్నారు. బిళ్ళ వద్దు, మీకు నచ్చిన పాట పేరు చెప్పండి, కాగితం మీద అదే మీ పేరు అన్నారు. ఇంటి ఆడవాళ్ళు ముందు ఒప్పుకున్నారు. వాళ్ళే మగవాళ్ళని తోసుకొచ్చారు. మాలో బోలెడంతమంది ఆ కాగితం మీద జోలపాటలైపోయారు.

అలా ఒక ఆదివారం బడిలో అందరూ నేల మీద కూర్చున్నారు. మొదట మావయ్యే లేచాడు. ఆయన స్వరం తాళం మీద తాళం దాటుకుంటూ పోతుంటే పిల్లలు చప్పట్లు కొట్టారు. తర్వాత బొగ్గెత్తే అన్న ఒకాయన లేచాడు. షెడ్డులో ఆయనంత గట్టిగా అరిచేవాడు లేడు. ఆయన ఆ అని ఎత్తుకున్నాడు, పట్టుమని ఒక తాళం నడవకుండానే గొంతు తెగిపోయింది. మళ్ళీ ఎత్తుకున్నాడు. మళ్ళీ తెగింది. ఆయన పెళ్ళాం కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఒకరి తర్వాత ఒకరు లేస్తుంటే గదిలో నవ్వులు ఆగిపోయాయి. ఎవరి ఊపిరి ఎంతో అందరికీ వినబడుతోంది, దాచుకునే దారి లేదు.

అందరూ అయ్యాక మాస్టారు హార్మోనియం నా ముందుకి తోసి, మెట్టు నన్ను పట్టుకోమని, తాను పాడారు. పిల్లలకి పాట నేర్పే మనిషి. ఆయన స్వరం మా అందరి కంటే ముందు తెగింది.

"మీరు షెడ్డులో పన్సెయ్యరు గదా మాస్టారూ" అన్నాడు మావయ్య.

మాస్టారు కిటికీ వైపు చూపించారు.

పిల్లల్నీ అలాగే చూశారు. రోజూ పాడే పిల్లల ఊపిరి పాడనివాళ్ళ కంటే గట్టిగానే ఉంది, పాఠం కూడా వాళ్ళకే నిలిచింది. కానీ షెడ్డు వైపు కిటికీ పక్క వరసలో పాడే పిల్లలు కూడా దగ్గుతున్నారు, గాలి తగిలే మూల పిల్లలు దగ్గటం లేదు. నేను ఊపిరి లెక్క మాత్రమే చూసి, అచ్ఛా, అయితే పాట మందులా పనిచేస్తుందన్నమాట అన్నాను. ఆయనకి నచ్చలేదు. "పాట మందు కాదురా. పాట ఉంది కదా అని పిల్లలకి మంచి గాలి ఎగ్గొట్టకూడదు" అన్నారు. ఆయన నా మీద కోప్పడటం అదొక్కసారే.

ఇదంతా శుభ్రంగా రాసి, మొదటి తప్పు ఎలా జరిగిందో దాచకుండా రాసి, కాలేజీకి పంపారు. జవాబు లేదు. మళ్ళీ పంపారు. తప్పు లెక్క కొట్టేస్తే సిగ్గు లేదు, దాని మీద ఇంకో లెక్క కడితేనే సిగ్గు అని పిల్లలకి చెప్పే మాటే, మంచం మీద నాకూ చెప్పారు. గొంతు తగ్గిపోయాక పాటలు చేత్తోనే చెప్పేవారు. పిల్లలు మంచం చుట్టూ నిలబడి పాడుతుంటే, దుప్పటి మీద ఆయన వేళ్ళు తాళం వేసేవి. తప్పు పాడితే వేళ్ళు ఆగేవి. పిల్లలు మొదటి నుంచి అందుకునేవారు.

ప్రొఫెసరుగారూ, మీ సందేశం విన్నాం. స్మారకం మీరు కట్టనక్కర్లేదు. షెడ్డు మనుషులందరి తరపునా ఊదినవాడు ఒక్కడే అని మీ వ్యాసం వచ్చిన పత్రికలోనే, మీ పేరుతోనే అచ్చు వెయ్యండి. మాస్టారి రెండో పరిశోధన దాని పక్కనే వెయ్యండి. ఆ రెండూ ఇక్కడి ఆఫీసుకి మీరే పంపండి. సాక్ష్యం కావాలంటే మా మావయ్య వస్తాడు, నేనూ వస్తాను, ఈసారి అందరం మా పేర్లు చెప్పుకునే వస్తాం.

దసరా సెలవులు అయిపోయి బడి తలుపులు తెరిచేలోగా మీ జవాబు రావాలి. ఆ పొద్దున పలకలు పట్టుకుని పిల్లలు వరసలో నిలబడతారు. వాళ్ళని ఆ మసి గదిలోకి పంపాలో, గోదాములోకి పంపాలో మాకు తెలియాలి.