జపాన్ చెట్టుకు నీడ

రంగూన్‌లో ఒక టేకు వ్యాపారి దొర బంగళాలో నేను తోటమాలిగా ఉండేవాణ్ణి. పెద్దమాలి మా మామ. శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చి, ఆ మట్టిలోనే చేతులు పెట్టి ముసలివాడయ్యాడు. నాకు పిల్లనిచ్చిందీ, పని నేర్పిందీ ఆయనే.

ఒక చలికాలం దొర జపాన్ నుంచి రెండు మేపుల్ మొక్కలు తెప్పించాడు. నడుమెత్తు పుల్లల్లా దిగి, కొన్నాళ్లకే చేతివేళ్లలా చీలిన ఎర్రటి ఆకులు తొడిగాయి. వాటిని బంగళా ముందు, వచ్చిన వాళ్లందరికీ కనపడేలా నాటమన్నాడు.

మామ తలపాగా తీసి చేత్తో పట్టుకున్నాడు.

"బావూ, ఇది సలి దేశపు సెట్టు. పొద్దుటెండ సాలు దీనికి. ఎనకున్న సింతసెట్టు నీడలో నాటుదుం."

"చెప్పింది చెయ్యి," అన్నాడు దొర హిందుస్తానీలో.

నాటాం. నీళ్లు నిలవకుండా ఇసుక కలిపాం, మొదళ్ల చుట్టూ ఎండుగడ్డి పరిచాం. ఎండలు ముదిరేసరికి ఆకుల అంచులు మాడి చుట్టుకుపోయాయి.

ఒక మధ్యాహ్నం విందుకొచ్చిన వాళ్లెవరో వాటిని చూసి నవ్వారు. దొర మామను పిలిచాడు.

"నీడ కావాలన్నావుగా? నువ్వే నిలబడి పట్టు."

గోనెపట్టా రెండు చేతులతో ఎత్తి మొక్కకు పడమటి పక్కన నిలబడమన్నాడు. తలపాగా తీయించాడు. నాకు బకెట్ ఇప్పించి, "నీళ్లు చెట్టుకే. ముసలాడికి చుక్క పోస్తే ఇద్దరికీ పనుండదు," అన్నాడు.

గంట గడిచేసరికి మామ చేతుల్లో గోనెపట్టా కిందికి జారసాగింది.

"అల్లుడూ, నాలిక పిడసగట్టీసింది. ఒక్క దోసిడు పొయ్యి."

"దొర సూస్తన్నాడు మావా."

"సూడ్డం లేదు. తింతన్నాడు."

నిజమే. వరండాలో ఎవరూ మావైపు చూడ్డం లేదు. అయినా ఆ నీళ్లు మొక్క మొదట్లోనే పోశాను.

ఇంకాసేపటికి ఆయన పడిపోయాడు. మొక్క మీద పడటంతో ఒక కొమ్మ విరిగింది. దొర పరుగెత్తుకొచ్చి కొమ్మను చూశాడు.

రెండో రోజు సాయంత్రం, పబేడాన్ పేటలోని మా గదిలో, మాట పడిపోయి మామ చనిపోయాడు. నా భార్య ఏడవడం ఆపి నా వైపు తిరిగింది.

"అయ్య పడిపోయినప్పుడు నీ సేతిలో ఏటుంది?"

"బకెట్టు."

"అందులో నీల్లున్నాయా?"

"ఉన్నాయి."

పదిరోజులైన తర్వాత ఆమె తన అన్నతో ఓడెక్కి వెళ్లిపోయింది. రేవులో నా మొహం కూడా చూడలేదు.

వానలకు వేళ్లు కుళ్లి మొక్కలు రెండూ చచ్చాయి. దొర నన్ను తిట్టలేదు. పెద్దమాలిని చేశాడు. మరుసటి చలికాలం మరో రెండు మేపుల్ మొక్కలు దిగాయి. ఎక్కడ నాటమంటారని అడిగాను. బంగళా ముందే అన్నాడు.

చిత్తమని గొయ్యి తవ్వాను.