విమల ఆంటీ పాటలో రెండో గొంతు

దయ్యాల గురించి మాట్లాడేవాళ్ళంటే నాకు చిరాకు. చెవులు మనిషిని ఎన్ని రకాలుగా మోసం చేస్తాయో నాకు తెలుసు, ఎందుకంటే అదే నా ఉద్యోగం. మెల్‌బోర్న్ శివార్లలో వెర్రిబీలో ఉంటాను, దగ్గర్లోనే ఒక క్లినిక్‌లో వినికిడి పరీక్షలు చేస్తాను. ఎవరో పిలిచినట్టు వినిపిస్తోందని, గంట మోగుతోందని చెప్పేవాళ్ళు తరచూ వస్తారు. కారణం చెప్పి పంపిస్తాను. మా నెల్లూరులో మా నాన్న తాయెత్తులు కట్టేవాళ్ళని గడప తొక్కనిచ్చేవాడు కాదు. నేనూ అంతే.

కాబట్టి నమ్మమని ఎవరినీ అడగను. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. నా పేరు ఖాదర్. మిగతావాళ్ళ పేర్లు మార్చాను.

నాకు పాటలు రికార్డు చేసే సరదా ఉంది. ఇంట్లో ఒక చిన్న గదిలో చప్పుడు రాకుండా గోడలకి మెత్తలు కొట్టించి మైకు పెట్టుకున్నాను. ఇక్కడి తెలుగువాళ్ళు పుట్టినరోజులకీ పెళ్ళిరోజులకీ పాడుకోవడానికి వస్తుంటారు. చాలామంది పాటకి ముందే కళ్ళు మూసుకుంటారు. బాధ అనే మాట రాగానే గొంతు వణికిస్తారు. పాట అవగానే కళ్ళు తెరిచి, "ఫీల్ వచ్చిందా?" అని అడుగుతారు. వచ్చిందండీ అంటాను. రాలేదని ఒకావిడతో అన్నాను ఒకసారి. ఆవిడ ఇప్పటికీ నాతో మాట్లాడదు.

ఆ గదికే పోయినేడాది కిరణ్ వాళ్ళమ్మని తీసుకొచ్చాడు.

కిరణ్ అంటే నాకు మొదటినుంచీ పడదు. మాట్లాడుతూ ఎదుటివాడి భుజం మీద చెయ్యేసి నొక్కుతాడు. వాళ్ళ నాన్న తెనాలి వైపు కాలేజీ లెక్చరర్‌గా చేసి రిటైరై, భార్యతో కొడుకు దగ్గరికి వచ్చేశారు. ఇక్కడ అందరూ ఆయన్ని మాస్టారు అనేవాళ్ళట. గుండెపోటుతో పోయారు. సంవత్సరీకం అయ్యాక హాల్లో భోజనాలు, సభ పెడుతున్నామని, అందులో వెయ్యడానికి అమ్మ పాట కావాలని కిరణ్ అడిగాడు. మాస్టారిని నేనెప్పుడూ చూడలేదు, ఆయన గొంతు ఎప్పుడూ వినలేదు. ఈ ఒక్క విషయం గుర్తుపెట్టుకోండి.

శనివారం ఉదయం. కిరణ్ ఆంటీని దించి పనుందని వెళ్ళిపోయాడు. మా ఆవిడ పాపని ఈతకి తీసుకెళ్ళింది. ఇంట్లో ఉన్నది నేనూ విమల ఆంటీ, అంతే. ఆవిడకి అరవై దాటాయి. హెడ్‌ఫోన్లు వద్దన్నారు, మంచినీళ్ళు వద్దన్నారు. చేతులు ఒళ్ళో పెట్టుకుని, "పాడమంటావా బాబూ?" అని మొదలుపెట్టారు.

అది వాళ్ళమ్మ దగ్గర నేర్చుకున్న జోలపాట. బిడ్డ నిద్రపోయేదాకా కాస్త ఆగమని ఒక తల్లి వానని అడుగుతుంది. మూడు చరణాలు.

జోలపాటని అలా పాడగా నేను వినలేదు. శ్రుతి తప్పలేదు. గొంతు పెంచలేదు. కళ్ళు తెరిచే ఉన్నాయి, గోడనే చూస్తున్నారు. కానీ ఒక్కో మాటా కొరికి వదులుతున్నారు. వానని అడగడం లేదు, దానితో తగువుపడుతున్నారు. ఆ గదిలో ఇన్నేళ్ళలో వేషం లేకుండా ఎవరైనా పాడారంటే ఆవిడొక్కరే.

అలవాటు కొద్దీ, "ఇంకొక్కసారి పాడతారా ఆంటీ?" అన్నాను.

ఆవిడ నా వైపు చూసిన చూపుకి కుర్చీలో వెనక్కి జరిగాను.

"ఒక్కసారే. రెండోసారి పాడను."

ఆ పాట కిరణ్‌కి పంపించాను. ఆ సాయంత్రం ఫోన్ చేశాడు. "బ్రో, అమ్మ వాయిస్ ఏంటి అంత కోపంగా ఉంది? నాన్న సభలో ఇది ప్లే చేస్తే జనం ఏమనుకుంటారు? కొంచెం సాఫ్ట్ చెయ్యి. వింటే ఏడుపు రావాలి."

చెయ్యనని చెప్పాల్సింది. కానీ ఆ పని నాకు బాగా వచ్చు, వచ్చిన పనిని వద్దనడం కష్టం. కొరికినట్టున్న అక్షరాల అంచులన్నీ అరగదీశాను. నడక తగ్గించాను, వెనక తంబురా వేశాను, గొంతుకి కాస్త గాలి కలిపాను. కోపమంతా పోయి దుఃఖం వచ్చింది. భర్తని తలుచుకుని కుమిలిపోతున్న ఇల్లాలు. నాకే ముచ్చటేసింది. పంపించాను.

"పాతదే పంపావు," అన్నాడు కిరణ్.

చూశాను. పంపింది కొత్తదే. పెట్టుకుని విన్నాను. తంబురా ఉంది, నడక నెమ్మదిగానే ఉంది, కానీ గొంతు మాత్రం అదే, కొరుకుతున్న గొంతు. స్క్రీన్ మీద గీతలు చూస్తే నేను దిద్దినవే. కంటికొకటి, చెవికొకటి. మొదటినుంచి అంతా చేసి మళ్ళీ పంపాను. అదే. మూడోసారీ అదే. మూడోసారికి ఇంకా కరుగ్గా ఉందనిపించింది, అది నా ఊహ అనుకున్నాను.

సోమవారం క్లినిక్‌లో నా సహోద్యోగి జెన్నీ చేత నా చెవులు పరీక్ష చేయించుకున్నాను. ఏ లోపమూ లేదు. అప్పుడు నేను దిద్దిన పాట ఆమెకి ఇచ్చి వినమన్నాను. జెన్నీది ఇక్కడి బల్లరాట్ ఊరు, తెలుగు ఒక్క ముక్క రాదు. ఏం పాటో, ఎవరిదో నేను చెప్పలేదు. నిమిషం కూడా కాకముందే హెడ్‌ఫోన్లు తీసేసింది.

"ఎవరి మీద ఈవిడకి అంత కోపం?" అని అడిగింది ఇంగ్లీషులో. తర్వాత, "అండ్ హూ ఈజ్ ద బ్లోక్?" అంది.

మగమనిషి ఎవరూ లేరన్నాను. ఉన్నాడంది. ఎక్కడో వేలుపెట్టి చూపించింది, మొదటి చరణం అవగానే.

పెట్టుకుని విన్నాను. చరణం ముగిసి ఆవిడ ఊపిరి తీసుకునే చోట, ఒక మగగొంతు, తాపీగా, ఒక్క మాట అంది.

"మళ్ళీ."

అందులో కోపం లేదు. మంచి మాస్టారు పిల్లవాడితో అన్నట్టు ఉంది. బెదిరించినట్టున్నా ఇంత భయపడేవాణ్ణి కాదు. రెండో చరణం తర్వాతా ఉంది. ఆ రెండు చోట్లా స్క్రీన్ మీద గీత చదునుగా ఉంది, అంటే అక్కడ ఏ శబ్దమూ లేదన్నమాట. ఆంటీ మొదట పాడిన, నేను ముట్టుకోని రికార్డింగ్ తీసి విన్నాను. అందులో ఆ గొంతు లేదు. నేను దిద్దిన దాంట్లోనే ఉంది.

మర్నాడు సెలవు పెట్టి, కిరణ్ ఆఫీసుకి వెళ్ళే వేళ చూసి వాళ్ళింటికి వెళ్ళాను. ఏమీ చెప్పకుండా హెడ్‌ఫోన్లు ఆంటీకి ఇచ్చాను. మొదటి చరణం దాకా విన్నారు. తీసి, టేబుల్ మీద జాగ్రత్తగా పెట్టారు.

"ఆయనే," అన్నారు.

కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చున్నాను.

"ఆయన ఎప్పుడూ కోప్పడలేదు బాబూ. గొంతు కూడా పెంచలేదు. ఇంటికి ఎవరొచ్చినా ఈ పాట పాడించేవారు. పాడగానే 'మళ్ళీ' అనేవారు. భావం రాలేదు, మళ్ళీ. ఇంకా రాలేదు, మళ్ళీ. నాకు కళ్ళనీళ్ళు వచ్చేదాకా. వచ్చాక, చూశారా, ఇదీ భావమంటే అని వాళ్ళకి చూపించేవారు. అందరూ చప్పట్లు కొట్టేవాళ్ళు."

"కిరణ్‌కి తెలుసా ఆంటీ?"

"వాడూ కొట్టేవాడు, చిన్నప్పుడు."

లేచి వెళ్ళబోతుంటే అన్నారు, "నేను పాడింది పాడినట్టు వెయ్యి. నువ్వు దిద్దింది వద్దు. నలభై మూడేళ్ళకి ఒక్కసారి నా పాట నేను పాడుకున్నాను."

సరేనని మాటిచ్చాను.

ఆ మాట నిలబెట్టుకోలేదు. సభ రోజు మధ్యాహ్నం హాల్లో స్పీకర్లు సర్దుతుంటే కిరణ్ వచ్చి ఏ పాట వేస్తున్నావని అడిగాడు. చెప్పాను. వాడి ముఖం మారిపోయింది. ల్యాప్‌టాప్ లాక్కుని నేను దిద్దిన పాట తెరిచి, హెడ్‌ఫోన్లు పెట్టుకుని విన్నాడు. "ఇది సూపర్‌గా ఉంది కదా, ఇన్నాళ్ళూ ఎందుకు పంపలేదు?" అన్నాడు. నేనూ విన్నాను. నిజమే. మెత్తగా, దుఃఖంగా, నేను దిద్దినట్టే ఉంది. మగగొంతు లేదు.

"అమ్మ అసలుదే వెయ్యమంది," అన్నాను.

"బ్రో, మా నాన్న సభ ఇది. నీ ఒపీనియన్ ఎవరడిగారు?" భుజం మీద చెయ్యేసి నొక్కాడు.

వందమంది దాకా వచ్చారు. మాస్టారి మంచితనం గురించి ముగ్గురు మాట్లాడారు. తర్వాత పాట. ఆంటీ ముందు వరసలో, మనవరాలి పక్కన కూర్చున్నారు. మీట నొక్కే ముందు ఆవిడ వైపు చూడలేకపోయాను.

మొదటి చరణానికే హాల్లో ముక్కులు చీదుకోవడం మొదలైంది. ఆంటీ ఒక్కసారి తల తిప్పి నా వైపు చూశారు. ఏది వేశానో అర్థమైపోయింది. చరణం ముగిసింది.

"మళ్ళీ," అంది స్పీకరు.

తొమ్మిదేళ్ళ మనవరాలు గట్టిగా, "దట్స్ తాతయ్య!" అంది. వెనక వరసల్లో తలలు లేచాయి. మాస్టారిని ఎరిగినవాళ్ళు ఒకళ్ళ ముఖాలు ఒకళ్ళు చూసుకున్నారు. రెండో చరణం నడుస్తోంది, మెత్తగా, తియ్యగా. ఆంటీ కళ్ళల్లోంచి నీళ్ళు కారుతున్నాయి. ఆవిడ తుడుచుకోవడం లేదు. చరణం అయింది.

"మళ్ళీ."

నేను వెళ్ళి ల్యాప్‌టాప్ నుంచి స్పీకరుకి వెళ్ళే వైరు పీకేశాను. పాట ఆగిపోయింది. వైరు కొస నా చేతిలోనే ఉంది, ఇది నేను ప్రమాణం చేసి చెప్పగలను. అప్పుడు మూడోసారి వచ్చింది ఆ మాట. అదే తాపీ, అదే దయ.

విమల ఆంటీ లేచి నిలబడ్డారు. కళ్ళు తుడుచుకున్నారు. స్పీకరు వైపు తిరిగి, పక్కింటామెతో మాట్లాడినంత మామూలుగా అన్నారు.

"పాడను."

హాలు మధ్యలోంచి నడుచుకుంటూ బయటికి వెళ్ళిపోయారు. ఎవరూ ఆపలేదు. స్పీకరు ఇంకేమీ అనలేదు.

కిరణ్ నా కాలర్ పట్టుకున్నాడు. వాళ్ళ నాన్న పాత వీడియోల్లోంచి గొంతు కోసి కలిపానన్నాడు. వాళ్ళ నాన్న వీడియో ఒక్కటీ నా దగ్గర లేదన్నా వినలేదు. పెద్దవాళ్ళు విడదీశారు కానీ వాళ్ళూ నన్ను అలాగే చూశారు. "చచ్చిపోయినాయన్ని ఇలా అవమానిస్తావా?" అని ఒకాయన మొహం మీదే అన్నాడు. ఆ తర్వాత నా గదికి పాడటానికి ఎవరూ రాలేదు. నేనూ మెత్తలు పీకేసి దాన్ని పాపకి ఇచ్చేశాను.

ఫైళ్ళన్నీ దాచాను. ఇప్పుడు ఎన్నిసార్లు విన్నా దిద్దిన దాంట్లో మగగొంతు లేదు. జెన్నీకి మళ్ళీ వినిపించాను, ఆమెకీ వినబడలేదు. ఆ రోజు విన్నది మాత్రం నిజమేనంటుంది. స్పీకరు విప్పించి చూపించాను, లోపమేమీ లేదన్నారు. వందమంది ఒకేసారి పొరబడ్డారా? వైరు లేని స్పీకరు ఎలా పలికింది? ఎవరైనా నా దగ్గరికి వచ్చి ఇదే చెబితే ఏదో ఒక కారణం చెప్పి పంపేవాణ్ణి. నాకు నేను చెప్పుకోవడానికి మాత్రం ఇవాళ్టికీ ఏదీ దొరకలేదు.

విమల ఆంటీ కొడుకింట్లో ఉండలేదు. సిడ్నీలో గిరావీన్‌లో వాళ్ళ చెల్లెలి కూతురి దగ్గరికి వెళ్ళిపోయారు. మొన్న బంధువుల పెళ్ళికి సిడ్నీ వెళ్ళినప్పుడు క్షమాపణ చెప్పుకుందామని వెళ్ళాను.

వీధిలోకే వినిపిస్తోంది చప్పుడు. హాల్లో టీవీ, వంటింట్లో రేడియో, ఇంకో గదిలో ఫోన్లో ఏవో వార్తలు. అన్నీ ఒకేసారి. తలుపు తీసిన అమ్మాయి నవ్వుతూ, "సారీ అన్నా, మా పెద్దమ్మ ఇంట్లో సైలెంట్‌గా ఉండనివ్వదు," అంది.

ఆంటీ చిక్కిపోయారు. మాట తప్పినందుకు క్షమించమన్నాను. పర్లేదన్నట్టు చెయ్యి ఊపారు. కాసేపటికి దగ్గరికి జరిగి, అంత చప్పుడులోనూ మెల్లగా అడిగారు.

"కిరణ్ అన్నట్టు, అది నువ్వు చేసిన పనేనా బాబూ? నిజం చెప్పు. నేనేమీ అనుకోను."

"కాదు ఆంటీ. అల్లా సాక్షిగా నేను కాదు."

ఆవిడ చాలాసేపు నా ముఖంలోకి చూశారు.

"నువ్వే చేసి ఉంటే బాగుండేది," అన్నారు. రిమోట్ అందుకుని టీవీ సౌండు ఇంకాస్త పెంచారు.