ఓబులేసు కుక్క

మీరెవరో నాకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్ళ ముందు నోరు విప్పే ధైర్యమే ఉంటే, ఇన్నేళ్ళు ఈ బరువును కడుపులో పెట్టుకుని, పెన్షను పుచ్చుకుంటూ, ఊళ్ళో పెద్దమనిషిగా చలామణి అయ్యేవాణ్ణి కాదు. నేను ఒక మనిషికి మాటిచ్చి నాలుక మడతపెట్టాను. దాంతో అతనికి కూతురి చివరిచూపు దక్కలేదు.

మొన్నటి ప్రపంచయుద్ధం కాదు, అంతకుముందు జరిగినదాంట్లో నేను ఇరాకు దేశపు బస్రాలో మిలిటరీ పోలీసుని. పాసు లేకుండా తిరిగే సిపాయిలను పట్టుకోవడం నా పని. పట్టుబడ్డవాడు “మా ఆఫీసరు నోటితోనే పొమ్మన్నాడు” అనేవాడు. తీసుకెళ్ళి ఆ ఆఫీసరు ముందు నిలబెడితే, ఆయన మొహం తిప్పుకుని “నేననలేదు” అనేవాడు. అందరూ కాదు, కానీ చాలామంది. వాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండేది. ఇవీ ఒక బతుకులేనా అనుకునేవాణ్ణి. ఏం గొప్పగా అనుకున్నానో.

యుద్ధం ముగిసి ఇంటికొస్తే కరువు. చేలో జొన్న మొలవలేదు. మిలిటరీలో ఇదే పని చేసినవాడినని జిల్లా పోలీసులోకి తీసుకుని, జమ్మలమడుగు వైపు ఒక చిన్న స్టేషనుకు వేశారు. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. అమ్మ, భార్య, పిల్లలు అందరూ నా జీతం మీదే. ఇదంతా సాకు కోసం చెబుతున్నానా? సాకనే అనుకోండి.

పుట్టుకతోనే దొంగలని సర్కారు ముద్ర వేసిన కుటుంబాలు కొన్ని ఆ ఊళ్ళో ఉండేవి. వాళ్ళలో మగవాళ్ళు పొద్దుగూకగానే స్టేషనుకొచ్చి హాజరు పలకాలి. పాసు లేకుండా ఊరు దాటితే జైలే. ఓబులేసు వాళ్ళలో ఒకడు. ఒక మధ్యాహ్నం తన నల్లకుక్కను వెంటబెట్టుకుని వచ్చాడు. పాసు రాసివ్వాల్సిన సబ్‌ఇన్‌స్పెక్టరు కడపకు పోయి ఉన్నాడు. స్టేషనులో నేనొక్కణ్ణే.

“సామీ, వేంపల్లెలో నా కూతురికి వాంతులూ బేదులంట. పానం మీదికొచ్చినాదంట. ఒక్కసారి కండ్ల జూసొస్తా.”

“పాసు లేదు కదప్పా.”

“నా కుక్కను ఈడ కట్టేసి పోతా సామీ. ఇది ఈడుంటే నా పానం ఈడున్నట్టే. తిరిగి రాకుండా నేను యాడికి పోతా?”

నాకు బస్రా గుర్తొచ్చింది. నేను ఆ ఆఫీసర్లలాంటివాణ్ణి కాదని నాకు నేను చూపించుకోవాలనిపించింది. “పో. ఎవరన్నా అడిగితే నేను పొమ్మన్నానని చెప్పు” అన్నాను. అతను కుక్కను స్టేషను గుంజకు కట్టి, దాని తల నిమిరి వెళ్ళిపోయాడు.

మరునాడు పొద్దున్నే, ముందుగా కబురైనా లేకుండా ఇన్‌స్పెక్టరు దొర తనిఖీకి వచ్చాడు. ఆయన ఇంకా స్టేషనులో ఉండగానే ఓబులేసును చేతులు కట్టి తీసుకొచ్చారు. పెన్న దాటకముందే పక్క స్టేషనువాళ్ళకు చిక్కాడట. “ఈ సామే పొమ్మన్నాడు దొరా” అని నన్ను చూపించాడు. అవునని నేను ఒక్క మాట అంటే అతని కట్లు విప్పుతారు. సాయంత్రానికి కూతురి దగ్గర ఉంటాడు. నా ఉద్యోగం మాత్రం పోతుంది.

“నువ్వు పొమ్మన్నావా?” అన్నాడు దొర.

“లేదు దొరా.”

కుక్క తాడు తెంపుకునేలా ఓబులేసు వైపు గుంజుకుంటోంది. దొర దాన్ని చూశాడు.

“ఎవరిదయ్యా ఆ కుక్క?”

“నాదే దొరా.”

ఓబులేసు నావైపు చూశాడు. దొరకు అర్థం కాలేదంటారా? అయ్యే ఉంటుంది. కానీ పోలీసు మాట ఒకటీ, వాడి మాట ఒకటీ అయినప్పుడు ఏది నిలబడుతుందో అక్కడున్న అందరికీ తెలుసు.

అతను జైల్లో ఉండగానే కూతురు చనిపోయింది. నా ఉద్యోగం ఖాయమైంది.

విడుదలై వచ్చి మళ్ళీ హాజరు పలికిన రోజు, నేను తల దించుకునే “నీ కుక్కను తీసుకుపో ఓబులేసూ” అన్నాను.

“నాదెట్లయితాది సామీ? మీదని దొర ముందర చెప్పినారు కదా.”

ఆ మాటలో కోపం కూడా లేదు. కోపంగా అని ఉంటే నాకు కాస్త తేలికయ్యేదేమో. కుక్క తాడు విడిపించుకుని అతని వెంట పడితే, అతనే మెడ పట్టుకుని తీసుకొచ్చి మా ఇంటి గుంజకు కట్టి పోయేవాడు. ఒకసారి కాదు, చాలాసార్లు. చివరికి అది మా ఇంట్లోనే చచ్చిపోయింది. కొన్నేళ్ళకు ఓబులేసూ పోయాడు.

ఈమధ్య, వాళ్ళను పుట్టుదొంగలన్న ఆ చట్టాన్ని ఎత్తేశారని విన్నాను. ఇకనుంచి ఎవరూ హాజరు పలకనక్కరలేదట. క్షమించమని అడగడానికి ఆ మనిషి లేడు. మీరు క్షమించినా అది చెల్లదు. మరి ఎందుకు చెప్పానంటే, ఆనాడు దొర అడిగినదానికి అసలు జవాబు ఇంతవరకూ నా నోటి నుంచి రాలేదు.

ఆ కుక్క నాది కాదు దొరా. ఓబులేసుది. అతన్ని పొమ్మన్నది నేనే.