మా చంటి బాబాయ్ అసలు పేరు

ఒక్క సంతకంతో ఉద్యోగం ఊడేదాకా తెచ్చుకోవడం ఎలాగో నేర్చుకోవాలంటే నా దగ్గరికి రండి, ఉచితంగా నేర్పిస్తాను. పోనీ, ఏదో మోసం చేస్తూ పెట్టిన సంతకమా అంటే అదీ కాదు. ఎంతో నిజాయితీగా, చిరునవ్వుతో పెట్టాను. అదే నా బాధ.

అప్పట్లో నేను లండన్ వాళ్ల లా ఫర్మ్ ఒకదానిలో, సింగపూర్ ఆఫీసులో కొత్తగా చేరాను. గ్యాసు, కరెంటు, చమురు బావులు, వాటి కంపెనీల అమ్మకాలు కొనుగోళ్లు, ఇదే మా పని. మాది రామచంద్రపురం అని ఇంటర్వ్యూలో చెబితే, గోదావరి గ్యాసు గురించి అంతా తెలిసినవాణ్ననుకుని తీసుకున్నారు. నాకు తెలిసిన గ్యాసల్లా మా వంటింట్లోదే. ఆ సంగతి వాళ్లూ అడగలేదు, నేనూ చెప్పలేదు. ఆరు నెలల ప్రొబేషన్. ఇంకో తొమ్మిది రోజుల్లో పర్మనెంట్ అవుతాననగా రాజమండ్రి పని వచ్చిపడింది.

అక్కడ ఒక గ్యాస్ పైప్‌లైన్ కంపెనీని మా క్లయింటు కొనబోతున్నాడు. ఇలాంటప్పుడు మా ఫర్మ్‌లో ఒక కట్టుదిట్టమైన పద్ధతి ఉంది. పని మొదలుపెట్టే ముందు అవతలి కంపెనీ పెద్దల జాబితా ఇస్తారు. "వీళ్లలో నాకు చుట్టాలెవరూ లేరు" అని సంతకం పెట్టాలి. అబద్ధమని తేలితే ఆ పూటే ఇంటికి. పదకొండు పేర్లు చూశాను. మొదటిదే కె.వి.వి.ఎస్. కామేశ్వరరావు, మేనేజింగ్ డైరెక్టర్. ఎవరో పెద్దమనిషి అనుకుని, రెండు నిమిషాల్లో సంతకం గీకేసి కాఫీకి వెళ్లిపోయాను. మీరైనా అదే చేసేవారు. గోదావరి జిల్లాల్లో పుట్టినవాళ్లయితే మరీను.

రాజమండ్రిలో మా ఫర్మ్ పార్ట్‌నర్, అంటే నా పై అధికారి, మార్గరెట్ గారూ నేనూ దిగాం. ఆవిడ నవ్వగా మా ఆఫీసులో ఎవరూ చూడలేదు. ఆ కంపెనీ మీటింగ్ గదిలో అడుగుపెట్టామో లేదో, బల్ల చివరి కుర్చీలోంచి ఒక భారీ మనిషి లేచారు.

"ఒరేయ్ పండూ! నువ్వేంట్రా ఇక్కడ?"

చంటి బాబాయ్! మా అమ్మ పిన్నికూతురి భర్త. నన్ను స్కూటర్ ముందు నిలబెట్టుకుని ద్రాక్షారామం తిప్పిన మనిషి. ఆయనకి గ్యాసు వ్యాపారమని చిన్నప్పటినుంచీ వింటూనే ఉన్నాను. సిలిండర్ల ఏజెన్సీ అనుకున్నాను. ఎవరూ కాదనలేదు.

"ఎంత చిక్కిపోయావురా! అమ్మకి చెప్పే వచ్చావా?" అంటూ నా రెండు బుగ్గలూ గిల్లారు. కోటూ టై వేసుకున్న అంతర్జాతీయ లాయరు బుగ్గలండీ అవి!

మార్గరెట్ గారు నన్ను వరండాలోకి తీసుకెళ్లారు.

"ఆయన ఎవరు?"

"మా బాబాయ్ అండి."

"చుట్టాలెవరూ లేరని సంతకం పెట్టావు."

"జాబితాలోని కామేశ్వరరావు గారే ఈయనని తెలీదండి."

"మీ బాబాయ్ పేరు నీకు తెలీదా?"

"తెలుసండి. చంటి."

"అంటే ఏమిటి?"

"చంటిపిల్లాడని అర్థమండి."

ఆవిడ గాజు తలుపులోంచి బాబాయ్ తెల్లమీసాల వైపు ఓసారి చూశారు. "దీన్ని నేను లండన్‌కి ఎలా రాయాలి?" అన్నారు. ఆ తర్వాత అసలు ప్రశ్న వేశారు. "మిగతా పదిమందిలో నీవాళ్లు ఇంకెంతమంది?"

నా బుర్ర గిర్రున తిరిగింది. నాకు తెలిసిన చుట్టాలంతా బుజ్జి, అబ్బులు, నాని, చిన్నారి. జాబితా నిండా ఇనీషియల్సు. ఏ దారీ లేక అమ్మకి ఫోన్ చేశాను.

"అమ్మా, చంటి బాబాయ్ అసలు పేరేంటి?"

"చంటేరా."

"అది కాదమ్మా, ఆధార్ కార్డులో ఉండేది."

"ఆయన ఆధార్ నా దగ్గరెందుకుంటుందిరా? ఏదో ఉంది. చివర్లో రావు అని వస్తుంది."

"పిన్నిని అడుగు."

"అది మొగుడి పేరు చెబుతుందా? ముప్పై ఏళ్లుగా 'మావారు' అంటోంది."

"పోనీ, ఎ. సత్యవతి అంటే మనకేమైనా అవుతారా?"

"సత్యవతా? బుజ్జత్తయ్యేమో! కాదులే, బుజ్జి సూర్యకాంతం. సూర్యకాంతం చినబుజ్జి కదూ? ఉండు, మీ నాన్నగారిని అడుగుతా. ఇంతకీ అన్నం తిన్నావా?"

ఫోన్ పెట్టేసి జాబితా మళ్లీ చూస్తే, పదకొండుమందీ నన్ను ఎత్తుకుని పెంచినవాళ్లే అనిపించింది. మార్గరెట్ గారు లాప్‌టాప్ తెరిచి లండన్‌కి మెయిల్ మొదలుపెట్టారు. మొదటి మాట నా పేరే. ఏడుపొచ్చింది, దాచుకోవడం దేనికి? మా అమ్మ వీధిలో అందరికీ చెప్పుకున్న ఉద్యోగం అది.

అంతలో బాబాయ్ కంపెనీ లాయరు ఒక కాగితం తెచ్చి ఆవిడకి ఇచ్చారు. మా ఫర్మ్ అడిగిందని వాళ్లూ అలాంటి సంతకాలే పెట్టారట, మా వైపు లాయర్లెవరూ తమకు బంధువులు కారని. అందులో ఎస్.వి.ఎస్.బి. ప్రసాద్ అన్న నా పేరుకి ఎదురుగా "ఎవరో తెలియదు" అని ఉంది. కింద బాబాయ్ సంతకం.

ఆవిడ ఆ కాగితం పట్టుకుని విసురుగా గదిలోకి వెళ్లారు. వెనకే నేను.

"ఈ సంతకం మీదేనా?"

"నాదేనండి."

"ఈ ప్రసాద్ ఎవరో మీకు తెలియదా?"

"ఒట్టండి, తెలియదు. అసలొచ్చారా ఆయన?"

ఆవిడ నావైపు వేలు చూపించారు. బాబాయ్ నన్ను పైనుంచి కిందికి, కిందినుంచి పైకి చూశారు.

"ఒరేయ్ పండూ... నీకు పేరు కూడా ఉందేంట్రా?"

ఆ మాట నేను ఇంగ్లీషులో చెప్పగానే మార్గరెట్ గారు నవ్వారు. కుర్చీలో కూలబడి, కళ్లజోడు తీసేసి మరీ నవ్వారు. రాసిన మెయిల్ చెరిపేసి కొత్తది రాశారు. ఇద్దరూ నిజమే చెప్పారనీ, ఒకరి పేరు ఒకరికి తెలియకుండానే ఇన్నేళ్లూ ప్రేమగా ఉన్నారనీ. నన్ను ఆ పనిలోంచి తప్పించారు గాని ఉద్యోగంలోంచి కాదు.

కావున ఇందుమూలముగా అందరికీ తెలియజేయునది ఏమనగా, పండు అనబడే నేను గోదావరమ్మ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట చుట్టాల పెళ్లిళ్లకి వెళ్తే, ప్రతి పెద్దమనిషి చేతా పూర్తి పేరు, ఇంటిపేరు రాయించుకుని, ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం తీసుకున్నాకే కాళ్లకి దండం పెడతాను.