ఎర్రదారం కట్టిన కాయ

మొన్న జూన్‌లో ఇక్కడే ఐర్లండ్‌లోని ములింగార్ నుంచి మా తోడల్లుడు ఫోన్ చేసి, పూసింది, రేపే రమ్మన్నాడు. ఏడేళ్లుగా ఆ ఒక్క మాట కోసమే కాచుక్కూచున్నాను. మెయ్‌నూత్‌లోని మా ఇంటి నుంచి బయల్దేరుతుంటే, పెళ్లికి వెళ్తున్నట్టు తయారయ్యానని మా ఆవిడ అననే అంది.

ఆయన డాక్టరు, మా అత్తవారికి పెద్దల్లుడు. నాకేమో మార్టగాన్ లిల్లీల పిచ్చి. తలకిందులుగా వేలాడుతూ రేకులు వెనక్కి చుట్టుకునే పువ్వులవి. రెండు రకాలను కలిపి కొత్త రంగు పుట్టించడం నా సరదా. ఒకదాని పుప్పొడి ఇంకొకదానికి అద్ది, తేనెటీగలు వాలకుండా చపాతీలు చుట్టే ఫాయిల్ తొడిగి, గుర్తుకి పూజగదిలోని ఎర్రదారం కట్టేవాణ్ని. విత్తనం మొదటి ఏడాది మట్టిలోనే దుంప కడుతుంది, మరుసటేడు ఒక్క ఆకు వేస్తుంది, పువ్వుకి ఆరేడేళ్లు పడుతుంది. అలా పూసిన నా మొదటి తేనెరంగు లిల్లీ దుంప ఒకటి ఆయన అడిగితే ఇచ్చాను. ఇచ్చిన పాపానికి, దాన్ని తన సృష్టేనని పూల పోటీలో పెట్టి, మొదటి బహుమతి కొట్టి, మా అత్తగారి పేరు పెట్టాడు మహానుభావుడు! ఆవిడ ఇప్పటికీ పెద్దల్లుడి చేతిచలవ గురించి నాకే చెబుతారు. ఒళ్లు మండిపోయింది.

ఆ శరత్కాలంలో మళ్లీ వచ్చాడు, ఈసారి విత్తనాలకి. ముందురోజే నేను కొత్తగా కలిపిన కాయకున్న ఎర్రదారం విప్పి, కంచె పక్కనున్న మామూలు ఊదా లిల్లీ కాయకి కట్టేశాను. దారం చూడగానే ఆయన కళ్లు మెరిశాయి. కాయ తుంచి కోటుజేబులో వేసుకున్నాడు. దారం విప్పిన అసలు కాయ ఏదో తర్వాత నాకే ఆనవాలు దొరకలేదు, అన్నీ ఒకేలా ఎండాయి. పోతే పోయిందిలే అనుకున్నాను. అప్పట్నుంచీ ప్రతి వసంతంలో ఫోను, ఆకు వచ్చిందని, వానలో తడుస్తూ నత్తలు ఏరుతున్నానని. బాగుందనడానికి ఇక్కడివాళ్లు అనే మాటే, "గ్రాండ్, అన్నయ్యగారూ" అని ఫోను పెట్టేసి, హాయిగా టీ తాగేవాణ్ని.

మొన్న నేను వెళ్లేసరికి, ఆ రిటైరైన మనిషి మోకాళ్ల నొప్పులతో మొక్క పక్కనే స్టూలు వేసుక్కూచున్నాడు. పువ్వు అచ్చం ఊదా. ఆయన మొహం ఎలా వాడిందో చూద్దామని వంగాను.

"రంగు మామూలేలే, తమ్ముడూ. కానీ విత్తు నుంచి నేను పెంచింది ఇదొక్కటే. అప్పుడు నీదాన్ని నాదన్నాను, తప్పే. అందుకే దీనికి నీ పేరు పెట్టా. శనివారం పోటీకి తీసుకెళ్తున్నా," అన్నాడు.

మొక్క మొదట్లో చెక్కముక్క మీద నిజంగానే నా పేరు. నిజం చెప్పేద్దామని నోరు తెరిచి, "గ్రాండ్" అన్నాను. ఇద్దరం కాచుకున్నది ఆ ఏడేళ్లే. ఆయనవి మాత్రం పూశాయి.