నాకు వచ్చిన తొమ్మిది వందల నలభై

నా చిన్నప్పుడు అనగానే మా మనవలు పలకా బలపం రోజులనుకుంటారు. నేను మరిచిపోలేని చిన్నతనం మాత్రం పద్దెనిమిదేళ్లప్పటిది. ఇప్పుడు అరవై దాటి వెనక్కి చూస్తే ఆ వయసూ చిన్నతనమే. పెద్దవాళ్ల మాట నమ్మేవాణ్ణి కదా.

మా ఊరు మంచాల నుంచి బస్సులో ఇబ్రహీంపట్నం వచ్చి డిగ్రీ చదువుకునేవాణ్ణి. కాలేజీ అంటే అద్దె భవనంలో పై అంతస్తు. ఫిజిక్సుకు పదకొండు మంది విద్యార్థులం, ఒకే సారు, ఒకే స్టాప్‌వాచీ. దారానికి ఇనుప గుండు వేలాడదీసి, ఊపి, ఇరవై ఊపులకు ఎంతసేపు పట్టిందో చూసి, భూమి ఆకర్షణ ఎంతో లెక్క కట్టే ప్రయోగం ఒకటుండేది. పుస్తకం ప్రకారం జవాబు తొమ్మిది వందల ఎనభై దగ్గర రావాలి. మా వాళ్లెవరికీ రాలేదు. అందుకని అందరూ పేజీ అడుగున ముందు జవాబు రాసుకుని, అక్కణ్ణుంచి పైకి లెక్క కట్టుకుంటూ పోయి, కొలతలు చివర్లో పెన్సిలుతో నింపేవారు. మా సీనియర్లూ అంతే. అది తప్పని ఎవరూ అనుకునేవారు కాదు.

నాకు ఎన్నిసార్లు చేసినా తొమ్మిది వందల నలభయ్యే వచ్చేది. మొండిగా నాలుగు రోజులు అదే చేశాను. చివరికి అనుమానమొచ్చి మా బాపు చేతి గడియారం తెచ్చి స్టాప్‌వాచీ పక్కన పెట్టాను. ఐదు నిమిషాల్లో స్టాప్‌వాచీ ఆరు సెకన్లు ముందుకు పోయింది. ఆ తేడా తీసేసి లెక్క కడితే పుస్తకంలో ఉన్న జవాబే వచ్చింది.

సారుకు చూపించాను. ఆయన నా వీపు మీద ఒక్కటి చరిచి, "గిదిరా చదువంటే! పరీక్షల గూడ గిట్లనే రాయి. ఎవలన్న అడిగితె నేనున్న గద, నేను జెప్త" అన్నారు. ఆ రోజు బస్సులో సీటున్నా కూర్చోలేదు, అంత సంబరం.

ఎమ్మెస్సీ సీటు రావాలంటే ఫస్టు క్లాసు కావాలి. రాత పరీక్షల్లో అటూ ఇటూగా ఉన్న నాకు ప్రాక్టికల్ మార్కులే ఆధారం. పరీక్షనాడు చీటీ తీస్తే ఆ ప్రయోగమే వచ్చింది. దేవుడు నా పక్కనున్నాడనుకున్నాను. ఉన్న కొలతలు ఉన్నట్టు రాసి, వాచీ ఎంత ముందుకు పోతుందో, ఆ తప్పు తీసేస్తే జవాబు ఎంతవుతుందో కింద వివరంగా రాశాను.

పరీక్షించడానికి పట్నం నుంచి వచ్చినాయన వివరం దాకా పోలేదు. తొమ్మిది వందల నలభై దగ్గరే ఆగి, "ఏం బాబూ, మీ ఇబ్రహీంపట్నంలో భూమికి బలం తగ్గిందా?" అన్నాడు. అందరూ నవ్వారు. వాచీ తప్పని, మా సారుకు తెలుసని చెప్పాను. ఆయన సారు వైపు తిరిగాడు. నేనూ తిరిగాను.

సారు నన్ను చూడలేదు. "వాచీ మంచిగనే ఉంది సార్. పిల్లగానికి జర తొందరెక్కువ, ఊపులు లెక్కవెట్టుడు తప్పిండు" అన్నారు.

పెన్సిలుతో నింపిన పదిమందికీ మంచి మార్కులు పడ్డాయి. నాకు ఫస్టు క్లాసు పోయింది, దానితో సీటూ పోయింది. ఎమ్మెస్సీ చదవాల్సినవాణ్ణి ఒక చిన్న బడిలో లెక్కలు చెప్పుకుంటూ బతికాను.

పరీక్షనాటి సాయంత్రమే సారు బస్టాండులో నా దగ్గరికి వచ్చారు. అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, "నీదే కరెక్టు బిడ్డా. సామాన్లు మంచిగ లెవ్వని ఆయన రాసుకపోతె కాలేజే మూస్తరేమోనని భయమైంది. మనసుల వెట్టుకోకు" అన్నారు.

"గీ మాట ఆడ జెప్పాలె సార్. ఈడ జెప్తె నాకేమొస్తది?" అన్నాను.

"నీకు మొండితనం మస్తుందిరా" అని నవ్వి, చాయ్ తాగుదాం రమ్మన్నారు. నేను మా బస్సు ఎక్కేశాను.

ఆయన భయం నిజమే కావచ్చు. తర్వాత నేనూ యాజమాన్యాల కింద పనిచేశాను కాబట్టి ఆ భయం ఎట్లా ఉంటుందో నాకు తెలుసు. తెలిసినంత మాత్రాన ఆయన్ను క్షమించలేదు. చాటున చెప్పిన నిజం చెప్పినవాడి మనసు తేలిక చేసుకోవడానికే పనికొస్తుందని ఆ రోజే తెలిసింది.

అప్పటి నుంచి ఒక అలవాటు పట్టుకుంది. బడి మీటింగులో గానీ, కులపెద్దల ముందు గానీ, ఇంట్లో పెళ్లి మాటల దగ్గర గానీ నేను ఒక్కణ్ణే గొడవపడి బయటికొస్తే, ఎవరో ఒకరు వెనకే వచ్చి, "నువ్వన్నదే నిజం అన్నా" అంటారు. నేను వాళ్ల చేయి పట్టుకుని, లోపలికొచ్చి చెప్పమని తీసుకుపోతాను. చాలామంది గుమ్మం దగ్గరే చేయి విడిపించుకున్నారు. వాళ్ల పేర్లన్నీ నాకు గుర్తే. ఇన్నేళ్లలో నాతో లోపలి దాకా వచ్చినవాళ్లు ఇద్దరే. ఆ ఇద్దరి కోసం ఏ గదిలోనైనా, ఎవరి ముందైనా నేను నిలబడతాను.